టిక్కీలున్నాయి, చీటీలు పోయాయి: ఒక కోల్డ్ స్టోరేజీ సర్వర్ కేసు

ఆగస్టులో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజర్ గారు. "బాబూ, కంప్యూటర్లో సరుకంతా పోయింది. పోయిన డిసెంబరు లెక్క చూపిస్తోంది. గిడ్డంగి ఖాళీ అంటోంది." ఆయన కూర్చున్న గదికి గోడ అవతల ఛాంబర్లన్నీ కింది నుంచి పై అంతస్తు దాకా టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో, నిండి ఉన్నాయి.

నేను అడిగింది ఒక్కటే. "ఇప్పుడు ఆ మిషన్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా?" ఆఫ్ చేశామన్నారు. "అలాగే ఉంచండి. ఎవరినీ ఏమీ నొక్కనివ్వకండి, నేను వస్తున్నా" అని విజయవాడ నుంచి బయల్దేరాను. దారిలో ఒక 2 టీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. డేటా పోయిందన్న చోటికి ఖాళీ డిస్కు లేకుండా వెళ్లను.

ఈ వ్యాపారం తెలియనివాళ్లకు ఒక మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చిన మిర్చిని రైతులు ధర కోసం ఆపుకుని కోల్డ్ స్టోరేజీలో పెడతారు. ఆ తర్వాత నెలలన్నీ కొంచెం కొంచెంగా తీస్తారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, ఏ ఛాంబర్, ఎన్నో అంతస్తు, లాటు నంబరెంత, ఆ బాండు (నిల్వ రసీదు) మీద బ్యాంకు అప్పు ఎంత ఉంది అన్నదంతా సాఫ్ట్‌వేర్లోనే ఉంటుంది. అది లేకుండా గేటు పాస్ రాయరు. నేను చేరేసరికి గేటు దగ్గర నాలుగు లారీలు నిలబడి ఉన్నాయి.

ముందు ఏం జరిగింది

ఉన్నది ఒకే సర్వర్. దాని మీద వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ, ఉచిత లైసెన్స్‌ది. ఒకే మిషన్ లోపల విడివిడి కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లను) నడిపే సాఫ్ట్‌వేర్ అది. లోపల రెండు వర్చువల్ మెషీన్లు: ఒకటి టాలీకి, ఒకటి స్టాక్ సాఫ్ట్‌వేర్‌కి. స్టాక్ మెషీన్‌లో విండోస్ సర్వర్, డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్, 200 జీబీ డిస్కు ఒకటి. ఉచిత లైసెన్స్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడుకునే దారి తెరిచి ఉండదు, కాబట్టి మామూలు బ్యాకప్ టూల్స్ దాని మీద పనిచేయవు. అందుకని అక్కడ ఎవరో ఎప్పుడో స్నాప్‌షాట్ తీసి దాన్నే బ్యాకప్ అనుకున్నారు.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది తీసిన క్షణం నుంచి అసలు డిస్కును కదలనివ్వకుండా ఆపి, కొత్తగా రాసేదంతా పక్కన ఇంకో ఫైల్లో రాస్తుంది. అసలు డిస్కు పోతే ఆ పక్క ఫైలు దేనికీ పనికిరాదు. 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేరే చెబుతుంది. ఇక్కడ ఒకటి డిసెంబరు నుంచి, ఇంకొకటి మార్చి నుంచి ఉన్నాయి. సీజన్ మొత్తం, అంటే వచ్చిన ప్రతి టిక్కీ లెక్కా, ఆ పక్క ఫైళ్లలోనే పడింది. అవి పెరిగి పెరిగి డేటాస్టోర్‌లో, అంటే ఈ ఫైళ్లన్నీ ఉండే సర్వర్ డిస్కులో, 4 జీబీ మాత్రమే మిగిలింది.

శనివారం సాయంత్రం డిస్కు నిండిపోయిందన్న హెచ్చరిక చూసి, అక్కడ సిస్టమ్స్ చూసే అబ్బాయి విన్‌ఎస్‌సీపీ అనే ఫైళ్లు చూసే టూల్‌తో లోపలికి వెళ్లాడు. స్టాక్ మెషీన్ ఫోల్డర్లో 000001, 000002 అని నంబర్లున్న ఫైళ్లు కనిపించాయి. పాత స్నాప్‌షాట్లు కదా, తీసేద్దాం అనుకున్నాడు. పెద్ద ఫైళ్లు డిలీట్ కాలేదు, వాడుకలో ఉన్నాయని ఎర్రర్ వచ్చింది. అదే పేరుతో ఉన్న చిన్నవి, ఒక్కో కేబీ కూడా లేనివి, డిలీట్ అయిపోయాయి. స్నాప్‌షాట్ల వివరం ఉండే వీఎంఎస్‌డీ ఫైలూ పోయింది. మిషన్ మాత్రం ఆగలేదు. ఆ చిన్న ఫైళ్లను అది ఆన్ అయ్యేటప్పుడు చదువుతుంది, ఆ తర్వాత పెద్ద ఫైళ్లతోనే పని. కాబట్టి శనివారం రాత్రి, ఆదివారం పగలు అంతా బాగానే నడిచింది. ఆదివారం రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ చార్జి అయిపోయి సర్వర్ పడిపోయింది. సోమవారం పొద్దున స్టాక్ మెషీన్ లేవలేదు.

అబ్బాయి నాలుగుసార్లు ఆన్ చేసి చూశాడు. ఫైలు దొరకడం లేదనే ఎర్రర్. తర్వాత తెలిసిన ఇంకొకతన్ని ఫోన్లో అడిగితే, "ఉన్న డిస్కును తగిలించి ఆన్ చెయ్యి" అన్నాడట. అప్పటిదాకా తగిలించి ఉన్న డిస్కును సెట్టింగ్స్‌లోంచి తీసేసి, చిన్న ఫైలు ఇంకా మిగిలి ఉన్న అసలు డిస్కును తగిలించి ఆన్ చేశాడు. విండోస్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరిచారు. డిసెంబరు లెక్క కనిపించింది. భయపడి ఆపేశారు.

ఈ కేసులో నిజంగా దెబ్బ తగిలింది శనివారం కాదు, ఇక్కడే.

ఏది పోయింది, ఏది ఉంది

ఒక వర్చువల్ డిస్కు అంటే రెండు ఫైళ్లు. ఒకటి పెద్దది, దాంట్లో డేటా తప్ప ఇంకేమీ ఉండదు. రెండోది డిస్క్రిప్టర్, నోట్‌ప్యాడ్‌లో చదువుకోగలిగిన పది పదిహేను వరుసల టెక్స్ట్. పెద్ద ఫైలు పేరేంటి, ఎన్ని సెక్టార్లు (డిస్కులోని చిన్న ముక్కలు), ఇది దేని మీద ఆధారపడింది, నా నంబరెంత, నా తండ్రి నంబరెంత అనేవి అందులో ఉంటాయి. మేనేజర్ గారికి ఇలా చెప్పాను: "టిక్కీలన్నీ ఛాంబర్లోనే ఉన్నాయండీ. వాటికి కట్టిన చీటీలు ఊడిపోయాయి." ఆయనకు వెంటనే అర్థమైంది. "చీటీ మళ్లీ రాసుకోవచ్చుగా?" అన్నారు. రాసుకోవచ్చు, ఏ టిక్కీకి ఏ చీటీయో కచ్చితంగా తెలిస్తే.

ఫోల్డర్లో మిగిలినవి చూశాను. అసలు డిస్కు ఫ్లాట్ ఫైలు, అంటే దాని పెద్ద ఫైలు, దాని డిస్క్రిప్టర్ ఉన్నాయి. 000001, 000002 అనే రెండు ఎస్ఈస్పార్స్ ఫైళ్లు, అంటే స్నాప్‌షాట్ డేటా, ఉన్నాయి. డేటాస్టోర్‌కు వాడే వీఎంఎఫ్ఎస్ 6 ఫైల్ సిస్టమ్ మీద స్నాప్‌షాట్లు ఈ రకంగానే తయారవుతాయి. ఆ రెండింటి డిస్క్రిప్టర్లు లేవు. ఇవి కాక మెషీన్ సెట్టింగులుండే వీఎంఎక్స్ ఫైలు, ఏం జరిగిందో రాసుకునే లాగ్ ఫైళ్లు.

ముందు చేసింది కాపీ. టాలీ వాళ్లను కాసేపు ఆపమని సర్వర్ ఆపి, బోర్డు మీద ఖాళీగా ఉన్న సాటా పోర్టుకు ఎస్ఎస్‌డీ తగిలించి, దాని మీద కొత్త డేటాస్టోర్ చేశాను. సర్వర్ లేవగానే మొదట లాగ్‌లు నా ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాను. తర్వాత స్టాక్ ఫోల్డర్ మొత్తం షెల్‌లోంచి (కమాండ్లు టైపు చేసి) ఎస్ఎస్‌డీకి కాపీ పెట్టాను. మూడు గంటలకు పైగా పట్టింది. ఆ మూడు గంటలూ పదినిమిషాలకొకసారి "అయిందా బాబూ" అని ఎవరో ఒకరు తలుపు తీసేవాళ్లు. అప్పుడు వాళ్లకు నేను చెప్పగలిగిన ఉపయోగపడే మాట ఒక్కటే, గేటు పుస్తకం చూసి చేత్తో పాసులు రాయమని. రాశారు. రెండు లారీలు కదిలాయి.

లాగ్‌లో దొరికింది

కాపీ అయ్యేలోపు లాగ్‌లు చదివాను. మిషన్‌ని ఆన్ చేసిన ప్రతిసారీ ఈఎస్ఎక్స్ఐ కొత్త లాగ్ మొదలుపెడుతుంది. పాతవి ఇక్కడ ఆరు ఉంచుకుని, అంతకంటే పాతది తీసేస్తుంది. సోమవారం పొద్దున నాలుగు విఫల ప్రయత్నాలు, డిసెంబరు డిస్కుతో ఒకసారి ఆన్ అవడం, మొత్తం ఐదు కొత్త లాగ్‌లు. జూన్‌లో మిషన్ చక్కగా లేచినప్పటి లాగ్ పాతవాటిలో చివరి నుంచి రెండోది. ఇంకో రెండుసార్లు ఆన్ బటన్ నొక్కి ఉంటే అది పోయేది.

ఆ జూన్ లాగ్ మొదట్లో వీఎంఎక్స్‌లోని సెట్టింగులన్నీ వరుసగా అచ్చేసి ఉంటాయి. కింద ఏ డిస్కు తెరిచాను, అది దేని మీద ఉంది, ఎన్ని సెక్టార్లు అన్నది లింకు లింకుగా ఉంటుంది. అది చదివి ఒక్క నిమిషం ఆగాను. మిషన్ వాడుతున్న పై డిస్కు 000002 కాదు, 000001. దాని కింద 000002. దాని కింద అసలు డిస్కు.

నంబర్లు చూసి ఎవరైనా 1 కింద, 2 పైన అనుకుంటారు. నేనూ లాగ్ చదవకపోతే అలాగే రాసేవాణ్ని. జరిగిందేమిటంటే, మొదట ఒక స్నాప్‌షాట్ ఉండేది, దానికి 000001 పేరు వచ్చింది. డిసెంబరులో ఇంకోటి తీస్తే 000002 వచ్చింది. తర్వాత మొదటిది తీసేశారు, దాని డేటా అసలు డిస్కులో కలిసిపోయి 000001 పేరు ఖాళీ అయింది. మార్చిలో మళ్లీ తీస్తే ఆ ఖాళీ పేరే దొరికింది. ఫైలు తేదీలు కూడా ఇదే చెప్పాయి: 000002 చివరిసారి మారింది మార్చిలో, 000001 ఆదివారం రాత్రి. రెండు సాక్ష్యాలు కలిశాకే చెయ్యి పెట్టాను.

చీటీలు రాయడం

ఎస్ఈస్పార్స్ డిస్క్రిప్టర్‌ను గుర్తుపెట్టుకుని రాయడం నాకు ఇష్టం ఉండదు. ఎస్ఎస్‌డీ మీద సరిగ్గా 200 జీబీ థిన్ డిస్కుతో (రాసినంత మేరకే చోటు తీసుకునేది) ఒక ఉత్తుత్తి మెషీన్ చేసి, ఆన్ చేయకుండానే ఒక స్నాప్‌షాట్ తీశాను. ఆ సిస్టమే ఒక కొత్త డిస్క్రిప్టర్ రాసి ఇచ్చింది. దాన్ని రెండు కాపీలు చేసి, వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్లో పేర్లు మార్చాను. ఒకదాంట్లో పెద్ద ఫైలు పేరు 000002 ఎస్ఈస్పార్స్, తండ్రి అసలు డిస్కు. రెండోదాంట్లో 000001 ఎస్ఈస్పార్స్, తండ్రి 000002. సెక్టార్ల సంఖ్య 419430400, ఒక్కొక్కటి 512 బైట్లు, అంటే 200 జీబీ సరిగ్గా. జూన్ లాగ్‌లో ఉన్నదీ అదే అంకె.

ఇక నంబర్లు. ప్రతి డిస్క్రిప్టర్లో సీఐడీ అని ఎనిమిది అక్షరాల గుర్తు ఉంటుంది. కొడుకు డిస్కులో తండ్రి సీఐడీ కూడా రాసి ఉంటుంది. రెండూ కలవకపోతే, "కొడుకు పుట్టాక తండ్రి మారిపోయాడు" అనే అర్థం వచ్చే ఎర్రర్ ఇచ్చి తెరవనంటుంది. అందరికీ తండ్రి అయిన అసలు డిస్కుకు ఆ చోట ఎనిమిది ఎఫ్‌లు ఉంటాయి. నేను 000002లో తండ్రి నంబరుగా అసలు డిస్కు ఇప్పటి సీఐడీ రాశాను. 000001లో తండ్రి నంబరుగా 000002కి నేనిచ్చిన సీఐడీ రాశాను.

ఇంటర్నెట్‌లో ఈ సమస్యకు దొరికే సమాధానాలు చాలావరకు ఇక్కడితో అయిపోతాయి: నంబర్లు కలపండి, ఆన్ చేయండి. సీఐడీ డేటా మీద లెక్కగట్టిన మొత్తం కాదు. అది బాండు మీది నంబరు లాంటిదే, టిక్కీలో ఏముందో దానికి తెలియదు. డిస్కును రాయడానికి తెరిచినప్పుడు అది మారుతుంది, అంతే. నంబరు కలవలేదంటే, కింద ఎవరో చెయ్యి పెట్టారని అది అరుస్తోందన్నమాట. మనం చేత్తో కలిపితే ఆ అరుపు ఆగుతుంది, పెట్టిన చెయ్యి వెనక్కి పోదు. పైగా 1, 2 తారుమారుగా రాసినా నంబర్లు నేనే కలుపుతాను కాబట్టి చైన్ (డిస్కుల గొలుసు) పరీక్షలో పాసయ్యేది, లోపల మాత్రం చెత్త వచ్చేది.

ఈఎస్ఎక్స్ఐలోనే ఉండే వీఎంకేఎఫ్ఎస్‌టూల్స్‌తో చైన్ పరీక్ష చేస్తే మొదటిసారి తప్పు చూపించింది. చూస్తే 000001లో సెక్టార్ల చివర ఒక సున్నా నా వేలి కింద పోయింది. ఉత్తుత్తి డిస్క్రిప్టర్లో సరిగ్గానే ఉన్న అంకెను అనవసరంగా మళ్లీ టైప్ చేసింది నేనే. దిద్దాక చైన్ సరిగ్గా ఉందని చెప్పింది. అదే టూల్‌తో పై డిస్కు నుంచి మొత్తం గొలుసును ఒకే కొత్త డిస్కుగా క్లోన్ చేశాను. అసలు ఫోల్డర్లో ఇప్పటిదాకా ఒక్క అక్షరం మార్చలేదు.

కన్సాలిడేట్ అనే బటన్ ఒకటి ఉంటుంది. ఆ స్థితిలో దాన్ని నొక్కితే పై ఫైళ్లను అసలు డిస్కులోకి కలిపేసి, తప్పు జరిగితే వెనక్కి వెళ్లే దారి లేకుండా చేస్తుంది. క్లోన్ అలా కాదు, చదువుతుంది, వేరేచోట రాస్తుంది.

పదకొండు నిమిషాలు

డిసెంబరు డిస్కు ఎంతసేపు నడిచిందో లాగ్ చెప్పింది. లాగ్ సమయాలకు ఐదున్నర గంటలు కలుపుకుంటే, 8:52కి ఆన్, 9:03కి ఆఫ్. పదకొండు నిమిషాలు.

ఆ పదకొండు నిమిషాల్లో విండోస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అసలు డిస్కులో రాసినవన్నీ ఇప్పుడు ఆగస్టు డేటా కింద ఉన్నాయి. ఎస్ఈస్పార్స్ 4 కేబీ ముక్కలుగా గుర్తుపెట్టుకుంటుంది. డిసెంబరు తర్వాత ఎప్పుడైనా రాసిన ముక్క అయితే పై ఫైల్లోది వస్తుంది, కింద ఏం మారినా కప్పడిపోతుంది. డిసెంబరు తర్వాత ఒక్కసారీ ముట్టని ముక్క అయితే కిందిది కనిపిస్తుంది. అంటే ప్రమాదం మనం నిన్న మొన్న రాసిన డేటాకు కాదు, ఎనిమిది నెలలుగా కదలని పాత డేటాకు. మేనేజర్ గారి టెన్షన్ అంతా ఈ సీజన్ లెక్క గురించే. నా టెన్షన్ దానికి సరిగ్గా తలకిందులు.

అందుకే పాత మెషీన్‌ను బూట్ చేయాలన్న పట్టుదల పెట్టుకోలేదు. కొత్త విండోస్ మెషీన్ ఒకటి చేసి, క్లోన్‌ను రెండో డిస్కుగా, చదవడానికి మాత్రమే తగిలించాను. ఫోల్డర్లు కనిపించాయి. డిస్కు లోపాలు వెతికే చెక్‌డిస్క్ నడపకముందే డేటాబేస్ ఉండే ఎండీఎఫ్ (డేటా), ఎల్‌డీఎఫ్ (లాగ్) ఫైళ్లు బయటకు కాపీ చేసుకున్నాను. చెక్‌డిస్క్ మరమ్మతు ఫైల్ సిస్టమ్ కోసం, ఎవరి డేటాబేస్ కోసమూ కాదు. అవసరమైతే ఫైళ్లను కోసి పక్కన పడేస్తుంది. ముందు దిద్దకుండా చూపించమని నడిపితే కొన్ని ఇండెక్స్ లోపాలు, కొన్ని దిక్కులేని ఫైళ్లు చూపించింది. ఇంకో క్లోన్ మీద దిద్దించాను. విండోస్ ఫోల్డర్లో కొన్ని, రైతుల పాస్‌బుక్ స్కాన్లలో 14 ఫైళ్లు తెరుచుకోలేదు. 14 కూడా పోయిన సంవత్సరానివి, ఈ సంవత్సరానిది ఒక్కటీ లేదు. నేను అనుకున్నట్టే పాతవే పోయాయి.

డేటాబేస్‌ను కొత్త ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు అటాచ్ చేస్తే లేచింది. కరెంటు పోయి ఆగిన మెషీన్ కదా, లాగ్‌లోంచి మిగిలిపోయిన పని పూర్తిచేసుకుంది. తర్వాత డేటాబేస్‌ను పరీక్షించే చెక్‌డీబీ నడిపాను. లాటు టేబుల్లో తప్పులు, అన్నీ ఇండెక్స్ 3లో, ఇండెక్స్ 5లో. 0 లేదా 1లో వచ్చి ఉంటే అది అసలు డేటా, అప్పుడు కథ వేరు. 1 కంటే పెద్ద నంబరంటే నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్, అంటే వెతకడానికి పక్కన కట్టుకున్న సూచిక, అసలు వరుసల్లోంచి మళ్లీ కట్టుకోవచ్చు.

ఎందుకు సరిగ్గా ఆ రెండే? అసలు డిస్కు కాపీని నెట్‌వర్క్ లేకుండా విడిగా లేపి జాబ్ హిస్టరీ, అంటే వాటంతటవే నడిచే పనుల చరిత్ర, చూశాను. ఇండెక్సులు సర్దే జాబ్ ఒకటి, ఆ పనులను నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ మొదలవగానే నడిచేలా పెట్టి ఉంది. సోమవారం ఉదయం ఆ పదకొండు నిమిషాల్లో అది పూర్తిగా నడిచింది. దాని జాబితాలో ఉన్నవి ఆ రెండు ఇండెక్సులే. అసలు డేటా ఉండే క్లస్టర్డ్ ఇండెక్స్ కూడా అందులో పెట్టి ఉంటే పాత సంవత్సరాల లాట్లు చెదిరిపోయేవి.

పాడైన ఇండెక్స్‌ను ఉన్నచోటే రీబిల్డ్ చేస్తే, ఒక్కోసారి పాడైనదాన్నే చదివి కొత్తది కడుతుంది. అందుకని రెండింటి స్క్రిప్టు రాసుకుని, డ్రాప్ చేసి, మళ్లీ సృష్టించాను. ఈసారి చెక్‌డీబీ శుభ్రంగా వచ్చింది. సమయం రాత్రి పదకొండు దాటింది.

టిక్కీ లెక్క

చెక్‌డీబీ పాసైతే డేటాబేస్ ఆరోగ్యంగా ఉన్నట్టు, అంతే. లెక్క నిజమో కాదో గుమాస్తా చెప్పాలి. మంగళవారం పొద్దున ఛాంబర్ వారీగా నిల్వ ప్రింటు తీసి, గేటు పుస్తకంతో, ఛాంబర్ మేస్త్రి దగ్గరున్న పుస్తకంతో పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఆదివారం సాయంత్రం చివరి ఎంట్రీ దాకా ఉంది. అన్నీ కలిశాయి, మూడో ఛాంబర్లో 12 టిక్కీలు తప్ప. అందరూ నా వైపు చూశారు. ఒక గంట వెతికితే తేలింది: జూలైలో ఒక రైతువి ఆ 12 టిక్కీలు మూడో ఛాంబర్లోంచి నాలుగులోకి మార్చారు, కంప్యూటర్లో మార్చారు, మేస్త్రి పుస్తకంలో మర్చిపోయారు. మేస్త్రి తల గోక్కున్నాడు. నేను టీ తాగాను.

సోమవారం చేత్తో రాసిన పాసులు ఎక్కించాక పదకొండున్నరకు సాఫ్ట్‌వేర్ మామూలుగా నడిచింది. మొత్తం మీద ఒకటిన్నర రోజు ఆగింది.

ఆ తర్వాత పెద్ద మార్పులేమీ చేయలేదు. రోజూ రాత్రి ఎస్‌క్యూఎల్ సర్వరే తన బ్యాకప్ తాను తీసుకుని ఇంకో గదిలో ఉన్న చిన్న నాస్‌లో (నెట్‌వర్క్ డిస్కులో) పెడుతుంది. దానికి ఏ లైసెన్సూ అడ్డం రాదు. ఇండెక్స్ జాబ్‌ను ఆదివారం తెల్లవారుజాముకి మార్చాను. యూపీఎస్ బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తాను ఆగేలా పెట్టాను. శనివారం డిలీట్ చేసిన అబ్బాయిని తీసేస్తామన్నారు. వద్దన్నాను. డిస్కు నిండుతోందని ఆ ఆఫీసులో చూసింది అతనొక్కడే. పైగా ఏం చేశాడో, ఏ వరుసలో చేశాడో దాచకుండా చెప్పాడు. ఆ అసలు డిస్కు బూటు సంగతి అతను చెప్పకపోయి ఉంటే నేను నంబర్లు కలిపేసి, ఇండెక్సుల సంగతి చూడకుండా మెషీన్ అప్పగించేసేవాణ్నేమో.

అతను నన్ను ఒకటే అడిగాడు, గొంతు తగ్గించి. "సార్, నేను తీసేసిన ఆ రెండు ఫైళ్ల వల్ల ఎంత చోటు వచ్చింది?" రెండూ కలిపి ఒక కేబీ.

పాత ఫోల్డర్ మాత్రం తీయలేదు. పేరు చివర "ముట్టుకోవద్దు" అని చేర్చి పెట్టాను. డిసెంబరులో ఆఖరి టిక్కీ గేటు దాటేదాకా అది అక్కడే ఉంటుంది.